వీడియో ఆటలు - హింసాప్రవృత్తి

2019వ సంవత్సరము మార్చి నెలలో గుజరాత్ రాష్ట్రమందలి రాజ్‌కోట్ నగరమున పోలీసు కమిషనరు ఒక ఉత్తరువు జారీచేసిరి. పబ్‌జీ యను సెల్‌ఫోను ఆటను ఎవ్వరును ఆడరాదనునది దాని సారాంశము. ఈ యాట బాలుర నడవడిని, భాషను చెడగొట్టి, హింసాప్రవృత్తిని పెంచుచున్నదని కారణము చూపబడినది. కొలది దినములలోనే ఆటాడుచు పట్టుబడిన కొందరు విద్యార్థులు అరెస్టయి, జామీనుపై విడుదల పొందిరి. మన పంచాయతీలును ఇట్టి నిషేధము విధింపవచ్చునా? రచ్చబండపై నలుగురు కుర్రవాండ్రు తలలు వంచుకొని తెరపై తుపాకులు పేల్చుచుండగా చూచిన పెద్దలకు ఈ యాలోచన కలుగుట సహజమే. అయినను తీర్మానము వ్రాయుటకు ముందు, ఆట నిజముగా హింసను పుట్టించునా యని విచారింపవలసియున్నది.

ఈ వివాదము అమెరికాలో మిక్కిలి పాతది. అచట 1954లో బొమ్మల కథల పుస్తకములు బాలురను నేరస్థులుగా మార్చుచున్నవని సెనేటు ఉపసంఘము విచారణ జరిపినది. (మన దేశమున సినిమాపై వచ్చిన నిందలును ఇట్టివే.) 1993లో ఆ నింద వీడియో ఆటలపైకి మరలి, సెనేటు విచారణ ఫలితముగా 1994లో ఆటల పెట్టెలపై ఏ వయస్సువారికి తగునో ముద్రించు పద్ధతి ఏర్పడినది. 1999లో కొలంబైన్ పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు తోటివారిని కాల్చిచంపిరి. వారు డూమ్ అను తుపాకుల ఆట ఆడెడివారని తెలిసిన పిదప భయము ఇనుమడించినది. 18 ఏండ్లలోపువారికి హింసాత్మకమైన ఆటలు అమ్మరాదని కాలిఫోర్నియా రాష్ట్రము 2005లో శాసనము చేయగా, 2011లో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ఆధిక్యతతో దానిని కొట్టివైచినది. ఆట హింసకు కారణమని పరిశోధనలు రుజువు చేయలేదని న్యాయస్థానము అభిప్రాయపడినది.

కారణమగుట వేరు, రెండును ఒకచోట కనబడుట వేరు. నిత్యము కొట్లాట జరుగు ఇంటిలోని బాలుడు తుపాకుల ఆటను ఎక్కువగా ఆడవచ్చును, బడిలో తగవులాడవచ్చును. అంతమాత్రమున ఆటయే తగవునకు మూలమనరాదు. ఆట ముగిసిన వెంటనే కొంత దురుసుతనము కనబడునని ప్రయోగశాలలలో తేలినది. కాని కొలది నిమిషముల ఉద్రేకమునకును కత్తి పట్టుటకును ఎంతో దూరము గలదు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘము 2020లో ఈ భేదమునే స్పష్టపరచుచు, హింసాత్మక చర్యలకు ఆటలే కారణమనుటకు తగిన సాక్ష్యము లేదని తీర్మానించినది. ఆ దేశములో ఆటల అమ్మకము పెరిగిన కాలముననే, అనగా 1990ల మధ్యభాగము తరువాత, యువకుల హింసానేరములు బాగుగా తగ్గినవి.

ఇట్లనుటచే మేము ఆటలను వెనుకవేసికొని వచ్చుచున్నామని తలంపరాదు. రాత్రి రెండు గంటలవరకు మేల్కొని, ఉదయము బడిలో కునుకు తీయు బాలుని నష్టము కంటికి కనబడుచున్నది. ఆటను అదుపు చేసికొనలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగా గుర్తించినది. ఆ వర్గీకరణ 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. పందెము కట్టి ఆడు ఆటలు మరింత ప్రమాదకరములు. వీనిని తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటును శాసనము చేసినది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము పబ్‌జీని నిషేధించినది నిజమే. కాని చూపిన కారణము దేశభద్రతయే కాని బాలుర హింస కాదు.

కావున ఫోనులు లాగికొని, జరిమానాలు వేయు తీర్మానములకు సభ్యులు పూనుకొనరాదు. అట్టి అధికారము పంచాయతీకి లేదు. ఆక్రమణలకు లోనైన ఆటస్థలమును విడిపించుట, మూతపడిన గ్రంథాలయమును సాయంకాలము తెరిపించుట పంచాయతీ చేతిలోని పనులు. ఒక బాలుడు హఠాత్తుగా కోపిష్ఠియైనచో ఆటను తిట్టి ఊరకొనక, ఇంటిలో దెబ్బలు, త్రాగుడు, బడిలో అవమానము ఉన్నవేమో విచారింపవలెను. అవసరమైనచో తల్లిదండ్రులచే టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోను చేయింపవలెను. తెలుగులోనే మాటాడవచ్చును. ఆటల పేరిట సొమ్ము మోసపోయినవారు ఆలసింపక 1930కి తెలుపవలెను.