చివరి సీట్లో కూర్చుని చూశారా?

కారు కొనేటప్పుడు ఇంట్లో మనల్ని అడిగేది రంగు ఒక్కటే. ఇంజిన్ సంగతి మగవాళ్లది! మా ఇంట్లోనూ అంతే. కానీ ఈసారి నేను ఊరుకోలేదు.

మాది వనపర్తి దగ్గర గోపాల్‌పేట. అత్తమ్మ, మామయ్య, ఆడబిడ్డ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు... మొత్తం ఏడుగురం. ఏటా శ్రీశైలం వెళ్తాం. నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటాక మన్ననూరు నుంచి నల్లమల అడవి దారి. రెండేళ్ల కిందట ఒక పాత అద్దెబండిలో బయల్దేరాం. డ్యామ్ దగ్గర కృష్ణ దాటి కొండెక్కే మలుపుల్లో బండి ఆయాసపడింది. ఏసీ ఆపినా లాభం లేకపోయింది. మావారు, మామయ్య దిగి నడిచారు. వెనక వరుసలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్న అత్తమ్మకు ఒకటే వాంతులు. "నన్నింక ఏడికీ తీస్కపోకు బిడ్డా" అంది. ఆ మాటకు నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

సొంత బండి కొందామనుకున్నాక మావారు హార్స్‌పవర్ లెక్కలు ముందేసుకున్నారు. మెకానిక్ పని తెలిసిన మా తమ్ముడు నవ్వాడు. "అక్కా, గుర్రం పరుగు కాదు, ఎద్దు లాగుడు చూడు" అన్నాడు. ఆ లాగుడునే టార్క్ అంటారట. అది ఎంతుందో ఒక్కటే కాదు, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగితే అందుతుందో కూడా చూడాలి. 1.5 లీటర్ల పెట్రోల్ ఎర్టిగాలో అది దాదాపు 137 న్యూటన్ మీటర్లు, నిమిషానికి 4400 చుట్ల దగ్గర. 2.4 లీటర్ల డీజిల్ ఇన్నోవా క్రిస్టాలో 343, అదీ 1400 చుట్ల నుంచే. నిండా మనుషులతో మెల్లగా ఘాట్ ఎక్కేటప్పుడు పనికొచ్చేది ఇదే. ఊళ్లో, చదును రోడ్ల మీద తిరిగేవారికి మొదటిదే మేలు, మైలేజీ మిగులుతుంది.

ఇంకో మాట. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటోంది. రోజూ బజారుకీ బడికీ మాత్రమే తిప్పితే అది మూసుకుపోతుంది. అప్పుడప్పుడూ హైవే ఎక్కించలేమనుకుంటే పెట్రోల్ తీసుకోవడమే నయం.

మావారి మనసు 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్ మీద పడింది. ఎక్కువ శక్తి ఉన్న డీజిల్ మాన్యువల్ రకంలో టార్క్ 370. నడిపి చూడమంటూ షోరూం వాళ్లు మావారిని ముందు కూర్చోబెట్టారు. "ఏడుగురం వచ్చాం, ఏడుగురినీ ఎక్కించండి" అన్నాను నేను. ఏసీ వేయించి, ఎత్తు రోడ్డు మీద ఆపి మళ్లీ కదిలించమన్నాను. బండి జంకలేదు, నిజమే. కానీ ఎక్కడానికే అత్తమ్మ అవస్థ పడింది. మూడో వరుస వేస్తే సామాన్లకు చోటే లేదు. మరి ప్రసాదం సంచీ, పిల్లల బట్టలు ఎవరి ఒళ్లో? మన ఒళ్లోనే కదా!

పాత క్రిస్టా ఒకటి అమ్మకానికుంటే అదీ అలాగే చూశాం. చివరి వరుసలో నేనే అరగంట కూర్చున్నాను. మోకాళ్లకు జాగా ఉంది, గాలి తగులుతోంది, వెనక రెండు సంచులు పడుతున్నాయి. సీటు బెల్టులన్నీ లాగి చూశాను. "27 తక్కువైనా కొండ ఎక్కుతుంది కదండీ" అంటే మావారు తలూపారు. సర్వీసు కాగితాలు తమ్ముడికి చూపించాకే అడ్వాన్సు ఇచ్చాం.

మీరు కొత్తది కొనేటట్లయితే 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఆ బండికి ఎన్ని స్టార్లు వచ్చాయో అడగండి. పిల్లల భద్రతకు స్టార్లు విడిగా ఇస్తారు, అవీ చూడండి.

ఈ ఏడు శ్రీశైలం కొండ ఎవరూ దిగకుండానే ఎక్కాం. అత్తమ్మ మధ్య వరుసలో కిటికీ పక్కన కూర్చుంది. తిరిగొస్తుంటే "వచ్చేసారి మీ అమ్మను గూడ పిలువు బిడ్డా" అంది.

అందుకే చెబుతున్నా. ఈసారి షోరూంకి వెళ్తే చివరి సీట్లో మీరు కూర్చోండి. రంగు సంగతి మీవారికి వదిలేయండి!