సినిమాశాలయందు సంగీతనాటకము

మంచి సంగీతమును వినుటయు, మంచి నాటకమును చూచుటయు విద్యలో భాగమే యని మనమెల్లర మెఱుగుదుము. అయితే అట్టివి తఱచుగా మహానగరములలో జరుగుచుండును. వానిని చూడగోరువారిలో ననేకులు దూరపుటూళ్లలో నుందురు. ఈ దూరమును తగ్గించుటకై పాశ్చాత్యదేశములలో జరిగిన ప్రయత్నములలో ముఖ్యమైనది, ఆపెరా యనబడు సంగీతనాటకమును అది వేదికపై జరుగుచున్న క్షణముననే వేఱు ఊళ్లలోని సినిమాశాలలలో చూపించుట. ఆ పద్ధతి యెట్లు పుట్టినదో, యెట్లు నడచుచున్నదో, దానివలని లాభనష్టము లెట్టివో మా విద్యార్థులకు తెలుపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా ఆపెరా యననేమో చెప్పవలసియున్నది. మన పద్యనాటకములలో నటులు పద్యములను రాగయుక్తముగా పాడి, నడుమ వచనమును పలుకుదురు. ఆపెరాలోనన్ననో చాలవఱకు కథ యంతయు పాటగానే నడచును. వేదికకు ముందు పల్లముగానున్న స్థలమున వాద్యబృందము కూర్చుండును. ఒక్కొక్కప్పుడు డెబ్బది యెనుబదిమంది వాద్యకారు లుందురు. గాయకులు మైక్రోఫోను సాయము లేకయే, తమ కంఠబలముచేతనే ఆ వాద్యముల ధ్వనిని దాటి, కట్టకడపటి వరుసలోనివారికి సైతము వినబడునట్లు పాడవలెను. ఇందుకై వారు పెక్కు సంవత్సరములు సాధన చేయుదురు. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను; దీని యవసరము ముందు కలుగును.

ఆపెరా 1600 ప్రాంతమున ఇటలీదేశమున పుట్టినది. మాంటెవెర్డీ రచించిన ‘ఓర్ఫెయో’ 1607లో మాంటువా ప్రభువుల యాస్థానమున ప్రదర్శింపబడెను. ఆ కాలమున దానిని చూచుభాగ్యము రాజులకును, వారి యతిథులకును మాత్రమే యుండెను. 1637లో వెనిస్ నగరమున సాన్ కస్సియానో అను నాటకశాల తెఱవబడగా, రుసుము చెల్లించిన వా రెవరైనను లోపలికి పోవుట కవకాశము కలిగినది. ఆపెరా తలుపులు సామాన్యులకు తెఱవబడుట యప్పుడే మొదలైన దనవచ్చును. తరువాతి చరిత్ర యంతయు ఆ తలుపును మఱింత వెడల్పు చేయుటయే.

రెండవమెట్టు విద్యుచ్ఛక్తివలన కలిగినది. 1881లో పారిస్ నగరమున జరిగిన విద్యుత్ప్రదర్శనమునందు క్లెమాఁ ఆదేర్ అను నాతడు ఆపెరా వేదికపై ధ్వనిగ్రాహకయంత్రముల నుంచి, తీగెలద్వారా ఆ సంగీతమును ప్రదర్శనశాలకు చేర్చెను. వినువారు రెండు చెవులకు రెండు టెలిఫోనుగొట్టములను పెట్టుకొని వినిరి. అటుపిమ్మట రేడియో వచ్చినది. 1910 జనవరి 13వ తేదీన న్యూయార్కునందలి మెట్రొపాలిటన్ ఆపెరానుండి సుప్రసిద్ధగాయకుడగు కరూసో పాటను ప్రయోగముగా ప్రసారము చేసిరి. కాని వినిన వారు మిక్కిలి కొద్దిమంది. 1931 డిసెంబరు 25వ తేదీన అదే నాటకశాలనుండి ‘హాన్సెల్ అండ్ గ్రెటెల్’ అను నాటకము రేడియోలో ప్రసారమైనది. నాటినుండి శనివారపు మధ్యాహ్నప్రసారము అమెరికాలో ననేక గృహములకు పరిచితమైనది. సమీపమున నాటకశాల లేని పల్లెలవారు సైతము గొప్ప గాయకుల కంఠములను గుర్తుపట్టగలిగిరి.

చెవికి లభించినది కంటికి గూడ లభింపవలె ననుకొనుట సహజము. 1952 డిసెంబరు 11వ తేదీన మెట్రొపాలిటన్ వారు ‘కార్మెన్’ నాటకమును టెలివిజన్ పద్ధతిని 27 నగరములలోని 31 సినిమాశాలలకు పంపిరి. కాని నాటి చిత్రము నలుపు తెలుపులతో మసకగా నుండెను. అంత పెద్ద తెఱమీద చూపుటకు తగిన స్పష్టత అప్పటి యంత్రములకు లేదు. అందుచేత ఆ ప్రయత్నము నిలువలేదు. ఆలోచన సరియైనదే యైనను సాధనము సిద్ధపడక ఆగిపోయిన కార్యములకు ఇదియొక యుదాహరణము.

అర్ధశతాబ్దము గడచిన పిదప ఆ సాధనము సిద్ధమైనది. అధికస్పష్టతగల వీడియో కెమేరాలును, కృత్రిమోపగ్రహములును, సినిమాశాలలలోని డిజిటల్ యంత్రములును ఒక్కచోట కలిసినవి. 2006లో మెట్రొపాలిటన్ సంస్థకు ప్రధానాధికారిగా వచ్చిన పీటర్ గెల్బ్ కాలమున, ఆ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన, మోట్సార్ట్ రచించిన ‘మాజిక్ ఫ్లూట్’ నాటకమును ఇంగ్లీషున సంక్షేపించి సినిమాశాలలకు ప్రసారము చేసిరి. మొదటి యేట ఆఱు నాటకములు చూపబడినవి. 2019 నాటికి సుమారు 70 దేశములలో రెండువేలకు మించిన సినిమాశాలలకు ఈ ప్రసారములు చేరుచుండెను. లండన్ నగరపు నేషనల్ థియేటరువారు 2009 జూన్ నెలలో ‘ఫెడ్రా’ నాటకముతో వచననాటకములను గూడ ఇదే రీతిని చూపుటకు మొదలిడిరి.

ఇది జరుగు విధ మెట్టిదనగా: నాటకశాలయందు పదికి తక్కువగాక కెమేరా లుంచబడును. వానిలో కొన్నింటిని మనుష్యులు నడుపుదురు. కొన్ని దూరమునుండియే నడుపబడును. వేదిక యంచున పట్టాలమీద జరుగు కెమేరా, ప్రేక్షకుల కడ్డురాకుండ గాయకుల ముఖములను సమీపమునుండి చూపును. బయట నిలిపిన వాహనములో ప్రసారదర్శకుడు అన్ని కెమేరాల చిత్రములను ఎదుట నుంచుకొని, సంగీతపు వ్రాతప్రతిని అనుసరించుచు, ఏ క్షణమున ఏ చిత్రము పోవలెనో నిర్ణయించును. అది ఉపగ్రహముద్వారా సినిమాశాలకు చేరును. తెఱ యడుగున పాట యర్థము చూచువారి భాషలో కనబడును. విరామసమయమున గాయకులతో సంభాషణలును, వేదికవెనుక రంగములను మార్చు పనివారి శ్రమయు చూపబడును. నాటకశాలలో కూర్చున్నవారికి ఈ దృశ్యము లభింపదు.

న్యూయార్కునందు మధ్యాహ్నము ఒంటిగంటకు మొదలగు నాటకము, శీతకాలమున మన దేశపు గడియారము ప్రకారము రాత్రి పదునొకండున్నరకు మొదలగును. కావున తూర్పుదేశములలో సాధారణముగా రికార్డు చేసిన ప్రతిని తరువాత ప్రదర్శింతురు. బొంబాయియందలి నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ వారు ఈ నాటకములను ఇట్లే చూపియున్నారు.

ఇక లాభనష్టముల విషయము. లాభము స్పష్టమే. మెట్రొపాలిటన్ నాటకశాలలో సుమారు 3,800 ఆసనములు కలవు. అందు మంచివాని వెల యెక్కువ. సినిమాశాలలో తక్కువ రుసుముతో, ఇంటికి దగ్గఱగా, ముసలివారును అశక్తులును గూడ చూడగలుగుదురు. 2010లో ఇంగ్లండులోని నెస్టా అను సంస్థ నేషనల్ థియేటరు ప్రసారములను పరిశీలించి, నాటకశాలలో చూచినవారికంటె సినిమాశాలలో చూచినవారే మనస్సు మిక్కిలి కరగినదని చెప్పినట్లు ప్రకటించెను. ముఖమును అంత దగ్గఱగా చూచుటయే ఇందుకు కొంతవఱకు కారణమై యుండవచ్చునని మా యూహ.

నష్టములును లేకపోలేదు. మొదటిది కంఠమును గూర్చినది. మైక్రోఫోను లేక వేలకొలది జనులకు వినిపించు శక్తియే ఆపెరా గాయకుని ముఖ్యవిద్య యని పైన చెప్పితిమి. సినిమాశాలలో ప్రతి స్వరమును మైక్రోఫోనునుండి వెడలి, లౌడుస్పీకరుద్వారా వచ్చునదే. చిన్న కంఠము పెద్దదిగను, పెద్ద కంఠము సామాన్యముగను తోచవచ్చును. పరిమాణమును యంత్రము నిర్ణయించుచుండగా గాయకుని నిజమైన బలమును తూచుట కష్టము. రెండవది కంటిని గూర్చినది. నాటకశాలలో మనము కోరినవానిని చూతుము. పాడువానిని విడిచి, మూల నిలుచుండి వినువాని ముఖమును గమనింపవచ్చును. తెఱమీద ఆ స్వేచ్ఛ లేదు. మన బదులు దర్శకుడే చూచును. మూడవది, సినిమాశాలలో ప్రేక్షకులు కరతాళములు కొట్టుట కలదు గాని, అవి గాయకుల చెవికి చేరవు. నాటకమునకు ప్రాణమగు పరస్పరసంబంధము ఒకవైపుననే నిలిచిపోవును.

నాలుగవది ధనమునకు సంబంధించినది. నాటకశాలకు సమీపమున నుండువారు కొందఱు అచ్చటికి రాక, సినిమాశాలకే పోవుచున్నారని గెల్బ్ గారే యొప్పుకొనిరి. వేదిక బీదదైనచో తెఱమీద చూపుటకు ఏమి మిగులును? ఊట యెండినచో కాలువ పాఱదు గదా.

అయినను 2020లో జరిగిన దానిని ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనుట న్యాయము. ఆ మార్చి నెలలో కరోనావ్యాధివలన ఆ నాటకశాల మూతపడగా, సినిమాశాలలకై తీసియుంచిన చిత్రములను ఆ సంస్థవారు రాత్రికొకటి చొప్పున ఇంటర్నెట్టుద్వారా ఉచితముగా లోకమునకు చూపిరి. 2021 అక్టోబరు 9వ తేదీన ‘బోరిస్ గొదునోవ్’ నాటకముతో సినిమాశాలల ప్రసారము మరల మొదలైనది. తలుపులు మూసిన కాలమున పదునాలుగేండ్లుగా కూడబెట్టిన చిత్రములే జనులకు ఊఱటయైనవి.

కాబట్టి మా యభిప్రాయ మేమనగా, తెఱమీది నాటకము వేదికమీది నాటకమునకు సాటి కాదు. అయినను వేదికను ఎన్నడును చూడజాలనివానికి అది గొప్ప మేలు. రెంటికిని గల భేదమును తెలిసి చూచువాడు దేనిచేతను మోసపోడు. విద్యార్థులారా, మీకు తెఱమీద అట్టి ప్రదర్శనమును చూచు నవకాశము కలిగినప్పుడు తప్పక చూడుడు. కంఠము ఎంతవఱకు గాయకునిదో, ఎంతవఱకు యంత్రముదో యోచింపుడు. అట్లే మీ యూర పద్యనాటకమో, భజనయో, సంగీతసభయో జరుగునపుడు, అది చిన్నదని యెంచక పోయి వినుడు. అచ్చట మీ కరతాళధ్వని పాడువాని చెవికి చేరును. దానివలన అతడు రెండవ పద్యమును మొదటిదానికంటె బాగుగా పాడును.