ఎవరో రాసిన రాతను వెబ్‌సైట్ ఎందుకు వడకట్టాలి?

ఈసారి కంప్యూటర్ సంగతి ఒకటి రాస్తున్నాను. కొంచెం ఓపికగా చదవండి.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో మన శ్రీరంగాపూర్ గురించి కూడా చదవొచ్చు. ఆ పేజీని ఎవరైనా దిద్దవచ్చు. ఎవరన్నా అబద్ధం రాస్తే ఇంకొకరు సరిచేస్తరు. అంతకంటే పెద్ద ప్రమాదం వేరే ఉన్నది.

వెబ్ పేజీలను హెచ్‌టిఎమ్‌ఎల్ అనే పద్ధతిలో రాస్తారు. లెక్కల్లో 'కంటె చిన్నది', 'కంటె పెద్దది' అని రెండు గుర్తులు ఉన్నాయి కదా, వాటి మధ్య ఒక మాట పెడితే ట్యాగ్ అంటారు. 'బి' అని పెడితే అక్షరాలు లావుగా వస్తాయి. 'స్క్రిప్ట్' అని పెడితే మాత్రం, దాని తర్వాత ఉన్నది చదివే రాత కాదు, బ్రౌజర్ చేయవలసిన పని. మన గోడపత్రిక మీద 'ఎగురు' అని రాస్తే ఎవరూ ఎగరరు. బ్రౌజర్ ఎగురుతది! రాసింది ఎవరో అది అడగదు.

మనం లాగిన్ అయినప్పుడు సైటు మన బ్రౌజర్‌కు కుకీ అని ఒక రహస్య టోకెన్ ఇస్తుంది. చెడ్డ స్క్రిప్ట్ ఉన్న పేజీ తెరిస్తే ఆ టోకెన్ దొంగకు పోవచ్చు, లేదా మన పేరు మీదనే పని జరిగిపోవచ్చు. మన ఇండ్లల్ల చదువు వచ్చింది మనకే మొదలు. స్కాలర్‌షిప్పు ఫారం, అమ్మ బ్యాంకు ఖాతా, అన్నీ మన చేతనే నొక్కిస్తరు. అందుకే ఈ సంగతి మనకు కావాలె.

నిజంగా జరిగిందే చెప్తాను. 2005 అక్టోబరులో అమెరికాలో శామీ కామ్‌కార్ అనే 19 ఏండ్ల పిల్లగాడు మైస్పేస్ అనే సైటులో తన పేజీలో స్క్రిప్ట్ దాచిపెట్టాడు. ఆ పేజీ చూసినవాళ్లందరూ తమకు తెలియకుండానే అతని స్నేహితులైపోయారు, వాళ్ల పేజీలకు కూడా అదే అంటుకుంది. ఒక్క రోజు కూడా గడవలేదు, పది లక్షల మందికి పైగా అంటింది! 2007లో కోర్టు అతనికి మూడేళ్ల ప్రొబేషన్ వేసింది.

మైస్పేస్ వాళ్లు ఊరుకోలేదు, 'జావాస్క్రిప్ట్' అనే మాట కనిపిస్తే కొట్టేసేవాళ్లు. అతను 'జావా' ఒక వరుసలో, 'స్క్రిప్ట్' కింది వరుసలో రాశాడు. కాపలా దానికి తెలియలేదు, బ్రౌజర్ కలిపి చదివింది. ఇంకో ఉపాయం చూడండి. 'దొంగ' అనే మాట కొట్టెయ్యాలని నియమం పెట్టామనుకోండి. ఒకడు 'దొందొంగగ' అని రాస్తాడు. మధ్యలో ఉన్న 'దొంగ' తీసేస్తే మిగిలేది మళ్లీ 'దొంగ'యే!

కాబట్టి చెడ్డవాటి జాబితా రాస్తే లాభం లేదు, మంచివాటి జాబితా రాయాలి. దసరా సెలవులకు మేడం గారు ఎట్లా పంపుతారు? పుస్తకంలో పేరున్న అమ్మానాయినలతోనే పంపుతారు. దొంగల పేర్లు రాసుకుని కూర్చుంటే కొత్త దొంగ నవ్వుకుంటూ లోపలికొస్తడు. వికీపీడియా కూడా అంతే. లావు అక్షరాలు, పట్టికలు లాంటి కొన్ని ట్యాగులనే ఒప్పుకుంటుంది. స్క్రిప్ట్ రాస్తే అది పని చేయదు, ఉత్త అక్షరాలుగా కనిపిస్తుంది. ట్యాగు ఒక్కటే చూస్తే చాలదు, దాని లోపల రాసే గుణాలను, లింకులను కూడా చూడాలి. మా పెంటలో తేనె వడకట్టినప్పుడు గుడ్డకు ఒక్క చిరుగు ఉన్నా మైనం కిందికి దిగుతది, ఇదీ అట్లనే.

పేరు, ఊరు లాంటివి రాసే చోట ట్యాగులతో పనే లేదు. అక్కడ ఆ గుర్తులకు బదులు 'ఇది గుర్తు మాత్రమే, ఆజ్ఞ కాదు' అని తెలిపే వేరే రాత పెడతారు. ఇది అన్నిటికంటే సులువు. ఇంకొకటి, ఈ వడకట్టుడు సైటు వాళ్ల కంప్యూటర్లో జరగాలె. రాసేవాని ఫోనులో మాత్రమే జరిగితే వాడు దాన్ని తప్పించి పంపగలడు.

వడకట్టినా ఆగనివి కొన్ని ఉంటాయి. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు 'జ్ఞా' ఐఫోన్లను ఆపేసింది! అందులో ట్యాగు ఏదీ లేదు, కంటికి కనిపించని ఒక గుర్తు మాత్రం ఉంది. ఆ వరుసను గీయడం ఫోనుకు రాలేదు. తప్పు అక్షరానిది కాదు, ఫోనుది. ఆపిల్ కంపెనీ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి బాగు చేసింది.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని