దండారి వీడియో డిస్కుకెక్కాలంటే

దీపావళి ముందు జైనూర్ మండలంలోని గోండు గూడేల్లో దండారి పండగ మొదలైందంటే నెమలి పింఛాల టోపీలతో ఆడే గుస్సాడీలు ఎంతమందో, ఫోన్ ఎత్తి పట్టుకుని వాళ్లను వీడియో తీసేవాళ్లు అంతకు రెట్టింపు. ఒక ఊరి బృందం ఇంకో ఊరికి అతిథులుగా వెళ్తుంది, రాత్రంతా డోలు, తుడుం, పెప్రె మోగుతూనే ఉంటాయి. పండగ ముగిసేసరికి ఇంటిల్లిపాది ఫోన్లలో తలా కొన్ని ముక్కలు మిగులుతాయి. వాటన్నిటినీ వరసగా కూర్చి, డీవీడీ చేసి, ఇంట్లో ఒకటి దాచుకుని వియ్యాలవారి ఊరికి ఒకటి పంపాలని ఎవరో ఒకరికి అనిపిస్తుంది. అక్కడ మొదలవుతుంది అసలు ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

అడిగిన ప్రతివాడూ తనకు తెలిసిన పేరు చెబుతాడు. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: చూసేవాళ్ల ఇంట్లో ఏముంది? పాత డీవీడీ ప్లేయరా, పెన్‌డ్రైవ్ పెట్టుకునే టీవీనా, ఉత్త ఫోనేనా? ఇది తేలితే సగం సాఫ్ట్‌వేర్లు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. డీవీడీ అనగానే మన ఇష్టాయిష్టాలతో పనిలేని నిబంధనలు కొన్ని వచ్చి పడతాయి మరి. ఆ ప్రమాణం రాసింది 1990లలో. ఇప్పటి ఫోన్‌కు దానితో అడుగడుగునా పేచీయే.

మన దేశపు పాల్ పద్ధతిలో డీవీడీ బొమ్మ అంటే అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576, సెకనుకు 25 ఫ్రేములు. ఫోన్ తీసేది 1920 అడ్డం, 1080 నిలువు, సెకనుకు 30 ఫ్రేములు. డిస్కులో వీడియోను ఎంపెగ్-2 అనే పద్ధతిలోనే కుదించాలి. ఒక పొర ఉన్న మామూలు డిస్కులో పట్టేది 470 కోట్ల బైట్లు, అంటే సుమారు 3,760 కోట్ల బిట్లు. రెండు గంటల వీడియోకు పంచితే సెకనుకు 52 లక్షల బిట్లు వస్తాయి. అందులోంచే శబ్దానికి, డిస్కు లోపలి లెక్కాపత్రాలకు తీసేస్తే బొమ్మకు మిగిలేది 48 లక్షలు, కాస్త అటూ ఇటూ.

పెళ్లిలో తలంబ్రాల ఘట్టానికి ఇది చాలు. గుస్సాడీకి చాలదు. ఎందుకో తెలియాలంటే ఎంపెగ్-2 ఎలా కుదిస్తుందో చూడాలి. అది ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. అరసెకనుకో ఫ్రేమును మాత్రం నిండుగా దాచి, మధ్యలోని వాటికి అంతకుముందు ఫ్రేముకూ దీనికీ తేడా ఏమిటో రాసుకుంటుంది. ఫ్రేమును 16 చుక్కలకు 16 చుక్కల గళ్లుగా విడగొట్టి, 'ఈ గడి ఇందాక అక్కడుంది, ఇప్పుడు ఇక్కడికి జరిగింది' అని గుర్తు పెట్టుకోవడమే ఇందులోని కిటుకు. వెనక గోడ కదలదు, పందిరి కదలదు కాబట్టి వాటికి ఖర్చు దాదాపు లేదు. ఇప్పుడు నెమలి పింఛాల టోపీ సంగతి చూడండి. వందల కన్నుల ఈకలు, ఒక్కో ఈకకు సన్నటి నూలుపోగుల్లాంటి అంచులు, ఆటగాడు ఎగిరినప్పుడల్లా ఒక్కో పోగూ ఒక్కో దిక్కుకు ఊగుతుంది. ఏ గడీ ఉన్నదున్నట్టుగా జరగదు. అంచనా తప్పిన ప్రతిచోటా తేడా మొత్తం రాయాల్సిందే. బిట్లు అయిపోతే ఎన్‌కోడర్ సన్నటి వివరాన్ని వదిలేస్తుంది, టోపీ మీద చదరపు మచ్చలు తేలతాయి. జైనూర్ మండలం మార్లవాయికి చెందిన కనకరాజు గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. అలాంటి ఆటను పింఛం కాస్తా ఆకుపచ్చ ముద్దగా కనబడేలా డిస్కులో పెడితే ఏం లాభం?

కాబట్టి నా లెక్క ఇది: గుస్సాడీ ఆట ఉన్న డిస్కుకు మొత్తంగా సెకనుకు 80 లక్షల బిట్లకు తగ్గొద్దు. డీవీడీ ఒప్పుకునే గరిష్ఠం ఒక కోటి చిల్లర కనుక ఇబ్బంది లేదు. ఆ లెక్కన ఒక డిస్కులో గంటా పావుకు మించి పట్టదు. మూడు గంటలు ఉంటే మూడు డిస్కులకైనా సిద్ధపడాలి, లేదా కత్తెర పట్టాలి. కత్తెర పట్టడమే మేలు. సొంత మేనల్లుడే ఆడుతున్నా మూడు గంటలు కూర్చుని చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇక సాఫ్ట్‌వేర్. ఇందులో రెండు పనులున్నాయని చాలామంది గమనించరు. ముక్కలు కోసి అతికించడం ఎడిటింగ్. దాన్ని ప్లేయర్‌కు అర్థమయ్యే డిస్కుగా, మెనూతో, బటన్లతో కట్టడం ఆథరింగ్. ఒకప్పుడు రెండూ కంప్యూటర్‌తోపాటే వచ్చేవి. విండోస్ విస్టాలో మూవీ మేకర్ పక్కనే డీవీడీ మేకర్ ఉండేది, 7లోనూ డీవీడీ మేకర్ ఉండేది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి దాన్ని తీసేశారు. మూవీ మేకర్‌ను 2017 జనవరిలో నిలిపేశారు. యాపిల్ ఐడీవీడీకి అంతకుముందే స్వస్తి చెప్పింది. అడోబ్ వాళ్ల ఎన్‌కోర్ 2012 నాటి సీఎస్6 దగ్గరే ఆగిపోయింది. డిస్కు వ్యాపారం సన్నగిల్లేసరికి ఈ కంపెనీలన్నీ చేతులు దులుపుకున్నాయి. అందుకే ఈ రోజుల్లో రెండు పనులకూ కలిపి ఒకే సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం అనవసరమైన శ్రమ. ఎడిటింగ్‌కు ఒకటి, ఆథరింగ్‌కు ఒకటి పెట్టుకుంటే రెండూ పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి.

ఆథరింగ్‌కు డీవీడీస్టైలర్ చాలు. ఉచితం, దాని కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. మెనూ వెనక ఒక బొమ్మ పెట్టి, విడిదికి వచ్చిన ఒక్కో ఊరికి ఒక్కో బటన్ పెట్టుకోవచ్చు. ఎంపెగ్-2లోకి మార్చడం కూడా అదే చేస్తుంది. ఇక్కడొక జాగ్రత్త. కుదింపు జరిగిన ప్రతిసారీ బొమ్మ కొంత నష్టపోతుంది. ఎడిటర్‌లో ఒకసారి డీవీడీ సైజుకు కుదించి, ఆథరింగ్‌లో మళ్లీ కుదిస్తే నష్టం రెట్టింపు. ఎడిటర్ నుంచి మంచి నాణ్యతతో పూర్తి సైజు ఫైలు తీసి, చివర ఒక్కసారే కుదించాలి.

ఎడిటింగ్‌కు వస్తే, మన ఫోటో స్టూడియోల్లో పెళ్లి మిక్సింగ్ అంటే చాలాచోట్ల ఎడియస్సే, లేదంటే ప్రీమియర్. రోజూ అదే పని చేసేవాళ్లకు అవి సరే. ఏడాదికొకసారి దండారి వీడియో కూర్చుకునేవాళ్లు డబ్బు పెట్టి వాటిని కొనడం దండగ, దొంగ కాపీ వేసుకుని వైరస్ తెచ్చుకోవడం ఇంకా దండగ. డావిన్సీ రిజాల్వ్ ఉచిత రూపం గొప్పది, రంగులు సరిచేయడంలో దానికి సాటి లేదు. కానీ దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, మెమొరీ కనీసం 16 జీబీ కావాలి. పిల్లల చదువుకు కొన్న లాప్‌టాప్ మీద అది తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. అలాంటి లాప్‌టాప్‌కు షాట్‌కట్ గానీ కేడెన్‌లైవ్ గానీ నా ఓటు. రెండింట్లోనూ ప్రాక్సీ అనే సదుపాయం ఉంది: బరువైన ఫైళ్లకు చిన్న సైజు నకళ్లు చేసుకుని, కోతలన్నీ వాటి మీద చూపించి, చివరి ఫైలు మాత్రం అసలు వాటి నుంచే తీస్తుంది. ఓపెన్‌షాట్ నేర్చుకోవడానికి తేలికే కానీ, పొడుగాటి పనికి నేను దాని జోలికి పోను.

షాట్‌కట్‌ను ముందు చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఫోన్లు సెకనుకు సరిగ్గా 30 ఫ్రేములు తీయవు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు తీసుకుంటాయి కాబట్టి లెక్క 24కూ పడొచ్చు, మళ్లీ పెరగొచ్చు. దీన్ని అస్థిర ఫ్రేమ్ రేటు అంటారు. ఎడిటర్ మాత్రం ఫ్రేములన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుంటే, శబ్దం ఒక దారి, బొమ్మ ఒక దారి పడతాయి. మాటల్లో అయితే కొంతసేపు పట్టుకోలేం. గుస్సాడీలో అలా కుదరదు. తుడుం మీద దెబ్బ పడిన క్షణానే కాలు నేలను తాకాలి. సెకనులో పదో వంతు తేడా వచ్చినా ఆట తెలిసినవాడు ముఖం చిట్లిస్తాడు. షాట్‌కట్ అలాంటి ఫైలు పెట్టగానే పసిగట్టి, ఎడిటింగ్‌కు అనువుగా మార్చుకోమంటుంది. వద్దనకుండా మార్చుకోండి. వేరే ఎడిటర్ వాడితే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిర ఫ్రేమ్ రేటు ఎంచుకుని ముందే మార్చుకోవాలి.

సరే, 30 స్థిరమైంది. డిస్కుకేమో 25 కావాలి. ఎడిటర్ ఏం చేస్తుంది? ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పారేస్తుంది. నిలబడి మాట్లాడే మనిషి విషయంలో ఇది కనబడదు. గిరగిరా తిరిగే గుస్సాడీ మాత్రం సెకనుకు ఐదుసార్లు చిన్నగా ఎగిరిపడ్డట్టు ఉంటాడు. దీనికి స్టూడియోల్లో పెద్దగా చెప్పని ఉపాయం ఒకటుంది: పాల్ డిస్కు మానేసి ఎన్‌టీఎస్‌సీ డిస్కు చేయడం. అమెరికా పద్ధతి అది, సెకనుకు 29.97 ఫ్రేములు. ఫోన్ వీడియోకు దాదాపు సరిపోతుంది కనుక అర నిమిషానికో ఫ్రేము తప్ప ఏదీ పోదు. బదులుగా నిలువు చుక్కలు 576 నుంచి 480కి తగ్గుతాయి. మన దగ్గర అమ్మిన డీవీడీ ప్లేయర్లు చాలావరకు రెండు పద్ధతులూ చదువుతాయి. ఒక డిస్కు రాసి చూస్తే తెలిసిపోతుంది. ఆట ఎక్కువున్న వీడియోకు నేనైతే ఎన్‌టీఎస్‌సీకే మొగ్గుతాను. కదలిక చెడిపోవడంకంటే బొమ్మ కాస్త మెత్తబడటం నయం.

ఫోన్ నిలువుగా పట్టి తీసినవాళ్లకు మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ న్యాయం చేయలేదు. వెడల్పు టీవీ మీద ఆ బొమ్మ తెరలో మూడింట ఒక వంతు కూడా నిండదు. వచ్చే దండారికి ఫోన్ అడ్డంగా పట్టమని పిల్లలకు ఇప్పుడే చెప్పి పెట్టుకోవాలి.

పేర్లు వేయడం దగ్గర మన కష్టం వేరు. స్టూడియోలు ఏళ్ల తరబడి అను ఫాంట్లతో తెలుగు టైటిళ్లు వేస్తూ వచ్చాయి. అవి యూనికోడ్ కావు. ఫోన్లో టైప్ చేసిన తెలుగును అక్కడ అతికిస్తే చెత్త అక్షరాలు వస్తాయి. పోనీ యూనికోడ్ తెలుగు పెడితే కొన్ని ఎడిటర్లు ఒత్తులను కింద వేయకుండా పక్కన పడేస్తాయి. ప్రీమియర్‌లోనైతే సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఎంపిక మార్చాలి. సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు 'రాష్ట్రం', 'లక్ష్మి' అని రెండు మాటలు కొట్టి చూడండి. అవి సరిగ్గా వస్తే తక్కినవీ వస్తాయి.

గోండీలో పేరు వేయాలనుకునేవాళ్లకు ఇప్పుడు దారి ఉంది. జైనూర్‌కు పొరుగునే ఉన్న నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్ 11వ కూర్పులో చేరింది. నోటో కుటుంబంలో ఆ లిపికి ఉచిత ఫాంట్ కూడా ఉంది. ఎడిటర్ ఆ అక్షరాలను తికమక చేస్తే లిబ్రెఆఫీస్‌లో పేరు రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా దాచి, వీడియో మీద పై పొరగా పెట్టేయొచ్చు. తెలుగు టైటిళ్లకూ ఇదే మందు పనిచేస్తుంది.

పాత క్యాసెట్లు ఉన్నవాళ్లకు ఒక్క మాట. వీహెచ్ఎస్, మినీడీవీ కెమెరాలు ఫ్రేమును ఒకేసారి తీయవు. సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి, సెకనుకు 50 సగాలుగా తీస్తాయి. డీవీడీ ఈ సగాలను ఉన్నవున్నట్టు దాచగలదు కాబట్టి డిస్కు చేసేటప్పుడు వాటిని కలపొద్దు. ఏ సగం ముందు అన్నది మాత్రం సరిగ్గా చెప్పాలి. మినీడీవీలో కింది సగం ముందు. తారుమారైతే మనుషులు ముందుకు రెండడుగులు, వెనక్కి ఒకడుగు వేస్తున్నట్టు కనబడతారు. ఫోన్లో చూసేందుకు తీసే ఫైలులోనైతే డీఇంటర్‌లేస్ చేయక, అంటే ఆ సగాలను పూర్తి ఫ్రేములుగా కలపక తప్పదు. మినీడీవీ టేపు గంటకు 13 జీబీ వస్తుంది; కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఫైర్‌వైర్ తీగ కావాలి, ఆ రంధ్రం కొత్త లాప్‌టాప్‌లలో లేదు. పాత డెస్క్‌టాప్‌ను తూకానికి వేసే ముందు వెనకవైపు చూడండి.

డిస్కు రాసేటప్పుడు గరిష్ఠ వేగం జోలికి పోకుండా నాలుగు రెట్లు, ఎనిమిది రెట్ల వేగంతో రాస్తే పాత ప్లేయర్లు సులువుగా చదువుతాయి. కరెంటు పోయేలా ఉంటే ఆగండి. సగంలో ఆగిన డిస్కు ఇక పనికి రాదు. అంతకన్నా ముఖ్యమైనది, ఈ డిస్కు శాశ్వతం కాదు. కొన్న సినిమా డీవీడీలో గుంటలు అచ్చొత్తి ఉంటాయి. మనం రాసేదాంట్లో లేజర్ ఒక రంగు పొరను కాల్చి గుర్తులు పెడుతుంది. ఎండకు, వేడికి ఆ రంగు మెల్లగా మారిపోతుంది. రేకుల ఇంట్లో అటక మీద పెట్టిన డిస్కు ఎన్నేళ్లుంటుందో దానికే తెలియాలి.

మార్లవాయిలో 1940లలో ఉండి గోండుల జీవితం మీద పుస్తకాలు రాసిన హైమండార్ఫ్, ఫోటోలతోపాటు 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద సినిమా కూడా తీసేవాడు. ఆయన ఫోటోలూ సినిమా రీళ్లూ లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఫిల్మును కనీసం వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే బొమ్మ కంటికి కనబడుతుంది. డిస్కుకు ఆ వీలు లేదు, ప్లేయర్ లేకపోతే అది అద్దం ముక్కే. అందుకని డిస్కును పంచుకునే వస్తువుగానే చూడాలి. దాచుకోవాల్సింది ఫోన్లలోంచి తీసిన అసలు ఫైళ్లు, ఎడిటర్ నుంచి తీసిన పూర్తి సైజు ఫైలు. అవి రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలి.

వియ్యాలవారింట్లో పెన్‌డ్రైవ్ పెట్టుకునే టీవీ ఉంటే ఆథరింగ్ గొడవే లేదు. షాట్‌కట్ నుంచి 1080 సైజులో, హెచ్.264 పద్ధతిలో ఎంపీ4 ఫైలు తీస్తే చాలు. కొత్త ఫోన్లు వాడే హెచ్ఈవీసీని పాత టీవీలు చదవలేవు కనుక దాన్ని ఎంచుకోవద్దు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైలును చోటు ఉన్నా సరే అసలు ఎక్కించుకోదు. ఊరికొక ఫైలుగా విడగొట్టండి. రిమోట్‌తో కావాల్సిన ఊరికి నేరుగా వెళ్లొచ్చు కూడా.