ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్ల లైసెన్సు, భద్రత: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ప్రైవేటు యజమానులు ఇళ్లను అద్దెకివ్వడానికి సంబంధించిన లైసెన్సు విధానం 2004 నాటి గృహ చట్టం ఆధారంగా 2006 నుంచి అమల్లో ఉన్నప్పటికీ, దాని విషయంలో యజమానుల్లోనూ, చదువుల కోసం వెళ్లి లండన్‌లోని ఈస్ట్‌హామ్ వంటి చోట్ల ఒకే ఇంట్లో కలిసి ఉండే తెలుగు విద్యార్థుల్లోనూ అపోహలు కనిపిస్తూనే ఉంటాయి. పాడైన బాయిలర్, పాతబడిన వైరింగు ప్రాణాల మీదికి తెస్తాయి కనుక ఈ అపోహలను కేవలం చట్టపరమైన పొరపాట్లుగా తీసివేయడానికి వీల్లేదు.

అపోహ: సొంత ఇంటిని అద్దెకివ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వాస్తవం: ఒకే కుటుంబానికి చెందని ఐదుగురు లేదా అంతకు మించినవారు వంటగది, స్నానాలగది వంటివాటిని పంచుకుంటూ నివసించే ఇంటిని పెద్ద హెచ్‌ఎంవో, అంటే పలు కుటుంబాల ఉమ్మడి నివాసం, అంటారు. దీనికి ఇంగ్లండ్ అంతటా లైసెన్సు తప్పనిసరి. ఇల్లు మూడంతస్తులదైతేనే లైసెన్సు కావాలన్న పాత షరతు 2018 అక్టోబరు 1తో రద్దయింది. ఇంతకన్నా చిన్న ఉమ్మడి నివాసాలకు 'అదనపు లైసెన్సు'ను, ఎంచుకున్న ప్రాంతంలోని ప్రైవేటు అద్దె ఇళ్లకు 'సెలెక్టివ్ లైసెన్సు'ను విధించే అధికారం స్థానిక కౌన్సిళ్లకు ఉంది. ఈస్ట్‌హామ్ ఉన్న న్యూహామ్ బరో 2013లోనే ఈ రెండో పద్ధతిని బరో అంతటికీ వర్తింపజేసింది. అందువల్ల ఒక కౌన్సిల్ పరిధిలో అక్కర్లేని లైసెన్సు పక్క కౌన్సిల్ పరిధిలో తప్పనిసరి కావచ్చు.

అపోహ: స్నేహితులంతా ఒకే ఒప్పందంపై సంతకం చేసి, ఒకే వంట చేసుకుంటే ఒకే కుటుంబం కింద లెక్క.

వాస్తవం: చట్టం చూసేది బంధుత్వాన్ని, దాంపత్యాన్ని లేదా దంపతులవలె సాగే సహజీవనాన్ని. వంట ఒక్కటే అయినా బంధుత్వం లేని ఐదుగురు మిత్రులు ఐదు కుటుంబాలే. పైగా వారిలో ఒకరు ఇల్లంతా అద్దెకు తీసుకొని, మిగతావారికి గదులిచ్చి అద్దె వసూలు చేస్తుంటే, ఇంటి నిర్వాహకుడిగా చట్టపరమైన బాధ్యత ఆ విద్యార్థి మీద కూడా పడవచ్చు.

అపోహ: అభ్యంతరం లేకపోతే ఒక గదిలో ఎందరైనా సర్దుకోవచ్చు.

వాస్తవం: లైసెన్సు పొందిన ఉమ్మడి నివాసంలో పదేళ్లు దాటిన ఒక్కరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరు పడుకునే గది 10.22 చదరపు మీటర్లు ఉండాలి. ఏటవాలు కప్పు కింది అటక గదుల్లో, కప్పు ఎత్తు 1.5 మీటర్లకు తగ్గిన భాగం ఈ లెక్కలోకి రాదు. చూడటానికి విశాలంగా ఉన్న గది కూడా కొలిస్తే చాలకపోవచ్చు.

అపోహ: లైసెన్సు అక్కర్లేని ఇంటికి భద్రతా నియమాలు వర్తించవు.

వాస్తవం: అపోహలన్నిటిలో ప్రమాదకరమైనది ఇదే. లైసెన్సు ఉన్నా లేకున్నా, యజమాని సమకూర్చిన గ్యాస్ ఉపకరణాలను గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన నిపుణుడు ఏటా పరీక్షించాలి. విద్యుత్ వ్యవస్థను కనీసం ఐదేళ్లకోసారి తనిఖీ చేయించాలి. నివాసానికి వాడే ప్రతి అంతస్తులో పొగను పసిగట్టే అలారం ఉండాలి. గ్యాస్ వంట పొయ్యి మినహా, ఇంధనాన్ని మండించే స్థిర ఉపకరణమున్న ప్రతి నివాస గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా 2022 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి. ఇంధనం సరిగా మండనప్పుడు పుట్టే ఈ విషవాయువుకు రంగూ వాసనా లేనందున, నిద్రలో ఉన్నవారిని హెచ్చరించగలిగేది ఆ అలారం ఒక్కటే.

అపోహ: లైసెన్సు లేని ఇంట్లో ఉన్నట్టు తెలిస్తే అద్దెదారుకే శిక్ష.

వాస్తవం: అవసరమైన లైసెన్సు లేకుండా ఇల్లు అద్దెకివ్వడం యజమాని లేదా నిర్వాహకుడి నేరమే తప్ప అందులో నివసించేవారిది కాదు. చెల్లించిన అద్దెను తిరిగి ఇప్పించమని అద్దెదారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు కూడా.

తాను జారీ చేసిన లైసెన్సుల రిజిస్టరును ప్రతి కౌన్సిల్ ప్రజలకు అందుబాటులో ఉంచాలి కనుక, అడ్వాన్సు కట్టేముందే దాన్ని చూసుకోవడం, గ్యాస్ ధ్రువపత్రాన్ని, విద్యుత్ తనిఖీ నివేదికను అడిగి తీసుకోవడం అద్దెదారు హక్కు. వాటిని అడగకముందే సిద్ధంగా ఉంచడం యజమాని ధర్మం.