ఆర్కెస్ట్రా ఉద్యోగం వదిలేసిన వయొలినిస్ట్



పీటీఎంలో నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "వీడు కీబోర్డ్ బాగానే వాయిస్తాడు టీచర్, కానీ దాంతో ఏమొస్తుంది?" న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పే ముందు ఇర్విన్ అర్దిట్టి అనే వయొలినిస్ట్ గురించి చెప్పాలనిపించింది.

ఆయన 1953లో లండన్‌లో పుట్టారు. పదహారేళ్లకే రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరారు. 1976లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో ఉద్యోగం వచ్చింది. రెండేళ్లకు, పాతికేళ్ల వయసులో, కో-కన్సర్ట్‌మాస్టర్ అయ్యారు. అంటే వయొలిన్ల వరుసను ముందుండి నడిపించేవారిలో ఒకరన్నమాట. మన లెక్కలో చెప్పాలంటే లైఫ్ సెటిల్ అయినట్టే. 1980లో ఆ ఉద్యోగం వదిలేశారు, అదీ తక్కువమంది వినే సంగీతం కోసం.

ఇక్కడ మన సంగీతానికీ వాళ్ల సంగీతానికీ ఉన్న ఒక తేడా చెప్పుకోవాలి. కర్ణాటక సంగీతంలో కళాకారుడు వేదిక మీద అప్పటికప్పుడు రాగం అల్లుతాడు, అదే మనోధర్మం. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో మాత్రం స్వరకర్త కాగితం మీద రాసిందే వాయించాలి. బాక్, బీథోవెన్ రాసినవి వందల ఏళ్లుగా వాయిస్తున్నారు, జనానికి చెవికి అలవాటయ్యాయి. మన కాలపు స్వరకర్తలు రాసేది అలా కాదు. హమ్ చేసుకోవడానికి ట్యూన్ దొరకదు. బో తీగ మీద గీరుకున్న చప్పుడు కూడా కావాలనే రాస్తారు. మొదటిసారి వింటే 'ఇదేం సంగీతం' అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అయితే ఎవరో ఒకరు కష్టపడి సాధన చేసి వాయించేదాకా ఆ కాగితం కాగితంగానే ఉండిపోతుంది. అర్దిట్టి ఎంచుకున్నది ఆ పనే.

అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ కథ చూడండి. 1977లో ఆయన నక్షత్రాల పటాల ఆధారంగా స్వరాలు ఎంచుకుంటూ, ఒక్క వయొలిన్ కోసం 'ఫ్రీమన్ ఎట్యూడ్స్' మొదలుపెట్టారు. మొత్తం 32 అనుకున్నారు. సగం దాటాక స్వరాలు మరీ దట్టంగా వచ్చేశాయి. ఇది మనుషులు వాయించగలిగేది కాదనిపించి పక్కన పెట్టేశారు. కొన్నేళ్ల తర్వాత, అప్పటికి పూర్తయిన వాటిని అర్దిట్టి ఊహించనంత వేగంగా వాయించడం విన్నారు. మళ్లీ కలం పట్టి 1990లో మిగతావన్నీ పూర్తి చేశారు. సాధారణంగా స్వరకర్త రాస్తే కళాకారుడు వాయిస్తాడు. ఇక్కడ ఈయన వాయించబట్టి ఆయన రాశారు!

పిల్లలకు బాగా నచ్చేది ఇంకోటుంది. జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌజన్ నలుగురు వాద్యకారులను నాలుగు హెలికాప్టర్లలో కూర్చోబెట్టి, గాల్లో ఎగురుతూ వాయించేలా ఒక రచన చేశారు. రెక్కల చప్పుడు కూడా సంగీతంలో భాగమే. 1995లో ఆమ్‌స్టర్‌డామ్‌లో దాన్ని మొదటిసారి వాయించింది అర్దిట్టి బృందమే. ఒకరి వాయిద్యం ఒకరికి వినిపించదు, హెడ్‌ఫోన్లలో వచ్చే తాళాన్ని పట్టుకుని వాయించాలి. కింద హాల్లో ప్రేక్షకులు తెరల మీద చూస్తూ విన్నారు.

ఇక 'ఉద్యోగం వదిలేశారు' అన్న మాట దగ్గరికి వద్దాం. మన పిల్లలు అంతవరకే విని ఊరుకుంటారు కాబట్టి, తేదీలు జాగ్రత్తగా చూడమని నా మనవి. అర్దిట్టి క్వార్టెట్ అనే ఆ నలుగురి బృందాన్ని ఆయన 1974లోనే, ఇంకా విద్యార్థిగా ఉండగానే మొదలుపెట్టారు. ఆర్కెస్ట్రా జీతం అందుకుంటూనే దాన్ని నడిపారు. ఆరేళ్లు గడిచాకే జీతం వదులుకున్నారు. ఆవేశంలో రాజీనామా రాసి రోడ్డున పడలేదు. బృందంలో మిగతావాళ్లు మారుతూ వచ్చారు, మొదటి నుంచీ ఉన్నది ఆయన ఒక్కరే. వాళ్ల కోసమే రాసిన రచనలు వందల్లో ఉన్నాయి. కొత్త రచన చేతికొస్తే, వీలైనంతవరకు స్వరకర్తనే పక్కన కూర్చోబెట్టుకుని సాధన చేస్తారు. బీథోవెన్‌ను అడగలేం కదా! 1999లో ఎర్నెస్ట్ ఫన్ సీమెన్స్ సంగీత పురస్కారం వచ్చింది. ఒక బృందానికి దాన్ని ఇవ్వడం అదే మొదటిసారి.

యూట్యూబ్‌లో ఆయన పేరు కొడితే వీడియోలు దొరుకుతాయి. ఆదివారం ఐదు నిమిషాలు పిల్లలతో కలిసి వినండి. నచ్చకపోయినా పర్వాలేదు, "ఈ చప్పుడు వయొలిన్‌తో ఎలా తెప్పిస్తున్నారు?" అని మాత్రం వాళ్లను అడగండి. ఇంట్లో సంగీతం నేర్చుకునేవాళ్లుంటే, జవాబు వాయిద్యం పట్టుకుని చూపిస్తారు.