సిగ్నల్ అందని గ్రామాలకు ఎస్‌డీ కార్డు: లినక్స్ ఆదేశాలతో రాయడం, సరిచూడడం

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల మండలాల అటవీ గ్రామాలకు వెళ్ళేకొద్దీ అనేక చోట్ల మొబైల్ సిగ్నల్ నిలకడగా ఉండదు. 2021-22 పంటకాలంలో ఖమ్మం జిల్లా మిరపను తీవ్రంగా దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలో దాగి ఉంటుంది. ఇటువంటి పురుగును రైతు గుర్తించడానికి మాట కంటె వీడియో ఎక్కువగా ఉపకరిస్తుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరులో వీడియోలను ఉంచి, దానిని వైఫై కేంద్రంగా అమర్చితే సమీపంలోని ఫోన్లకు ఇంటర్నెట్ లేకుండానే అవి అందుతాయి. సాధారణంగా దాని ఆపరేటింగ్ సిస్టమ్, సమాచారం ఎస్‌డీ కార్డులోనే ఉంటాయి. కార్డులో దోషముంటే గ్రామంలో తిరిగి డౌన్‌లోడ్ చేసుకొనే వీలుండదు. కావున పరీక్ష అంతా కార్యాలయంలోనే ముగియాలి.

ఫైలు పరిశీలన

డౌన్‌లోడ్ చేసిన ఇమేజ్ ఫైలుపై ‘షా256సమ్’ ఆదేశమిస్తే 64 అక్షరాంకెల సంకేతం వస్తుంది. ప్రచురణకర్త ఇచ్చిన సంకేతంతో ఇది పూర్తిగా సరిపోవాలి. ఆ తరువాతనే ‘అన్‌ఎక్స్‌జెడ్’తో ఫైలును విప్పాలి.

కార్డును గుర్తించడం

కార్డు పెట్టకముందు ఒకసారి, పెట్టిన పిదప మరొకసారి ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ ఆదేశమివ్వాలి. కొత్తగా కనిపించిన పేరే కార్డుది. 32 జీబీ కార్డు సుమారు 29.8గా కనిపించడం లోపం కాదు. అది 1024 చొప్పున లెక్కించిన పరిమాణం. ‘ఎస్‌డీబీ1’ అన్నది కార్డులోని ఒక భాగం మాత్రమే. ఇమేజ్‌ను రాయవలసినది ‘ఎస్‌డీబీ’ అనే పూర్తి కార్డుపై. ముందుగా దాని భాగాలన్నింటినీ ‘యూమౌంట్’ చేయాలి.

రాయడం

‘డీడీ’ ఆదేశంలో ‘ఐఎఫ్’ వద్ద ఇమేజ్ ఫైలును, ‘ఓఎఫ్’ వద్ద కార్డును పేర్కొనాలి. ‘బీఎస్=4ఎం’ ఒక్కో విడతలో రాసే పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. ‘స్టేటస్=ప్రోగ్రెస్’ పని ఎంతవరకు వచ్చినదీ చూపుతుంది. ‘కాన్వ్=ఎఫ్‌సింక్’ సమాచారమంతా కార్డుకు చేరిన తరువాతనే ఆదేశాన్ని ముగిస్తుంది.

‘డీడీ’ నిర్ధారణ కోరదు. ‘ఓఎఫ్’ వద్ద ఒక్క అక్షరం మారి హార్డ్ డిస్కు పేరు పడితే, ఏళ్ళ తరబడి సేకరించిన ప్రయోగ క్షేత్ర గణాంకాలు చెరిగిపోవచ్చు. కనుక గణాంకాలున్న బయటి డిస్కులను ముందే తొలగించి, మిగిలిన వాటికి నకలు తీసి ఉంచాలి.

సరిచూడడం

కార్డును తీసి మరల పెట్టాలి. లేనిచో కార్డుకు బదులు కంప్యూటరు జ్ఞాపకంలోని నకలే చదవబడవచ్చు. కార్డు తనంతట తాను మౌంట్ అయితే అందులో చిన్న మార్పులు జరిగి తేడా చూపవచ్చు కనుక ఆ సదుపాయాన్ని ముందే నిలిపివేయాలి. పిదప ‘సీఎంపీ’ ఆదేశంతో ఇమేజ్ ఫైలును, కార్డును పోల్చాలి. కార్డు పరిమాణం ఎక్కువ కావున ‘ఎన్’ ఐచ్ఛికం ద్వారా ఇమేజ్ బైట్ల సంఖ్య వరకే పోలిక జరపాలి. ఏ సందేశమూ రాకుంటే రెండూ ఒక్కటే.

చివరగా కార్డును పరికరంలో అమర్చి, వీడియోలను చేర్చి, ఫోనులో ఒకటి ఆసాంతం చూడాలి. ఇదే విధంగా సిద్ధపరచిన రెండవ కార్డును కూడా తేదీ రాసి వెంట తీసుకొని వెళ్ళడం మంచిది.